ముందు సీట్లో అత్తగారు

"బస్సులు లేవట," అన్నాడు కొడుకు, ఫోను చెవి దగ్గర్నుంచి దించకుండానే.

టీచరమ్మ పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నిన్న అన్నంత పనీ చేసింది. తెల్లారేసరికి తల దువ్వుకుని, బూడిదరంగు కోటు తొడుక్కుని, గొడుగు చంకలో పెట్టుకుని తయారైపోయింది. ఈ ఇంట్లో ఆ కారైనా ఉండాలి, తనైనా ఉండాలి అని తేల్చి చెప్పాక కారు కదల్లేదు కనక, తనే కదులుతోంది. చెల్లెలి ఊరికి, ఇక వెనక్కి రాని లెక్కన.

"లేకపోవడం ఏమిట్రా? రోజూ గంటకొకటి తిరిగే బస్సులకి ఇవాళే ఏం రోగం వచ్చింది?"

"సమ్మె అటమ్మా. డ్రైవర్లందరూ స్టాండులో బైఠాయించారట. రేపటిదాకా ఒక్క బండీ కదలదట."

"ఈ డ్రైవర్ల జాతే..." అని ఎత్తుకుని టీచరమ్మ ఠక్కున ఆగిపోయింది.

వంటింట్లో చెంచా చప్పుడు కూడా ఆగింది.

అక్కడ కోడలు ఫ్లాస్కులో కాఫీ పోసుకుంటోంది. మూడు నెలల కిందట ఆ అమ్మాయి బీమా ఆఫీసులో ఉద్యోగం మానేసి, ఓ పాత తెల్లకారు కొనుక్కుంది. నగరంలోని వాళ్ళని పొద్దున్నే ఎక్కించుకుని, కొండలూ జలపాతమూ సరస్సూ చూపించి, సాయంత్రానికి వాళ్ళ గుమ్మంలో దింపే పని మొదలుపెట్టింది. ఆ రోజు నుంచీ టీచరమ్మ ఆమెతో సూటిగా ఒక్క మాట మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా, తలుపు వెయ్యమన్నా అన్నీ కొడుకు మీదుగా వెళ్ళాల్సిందే. కళ్ళద్దాల దుకాణంలో రోజంతా జనం చేత చిన్నక్షరాలు చదివించే ఆ పిల్లవాడు, ఇంటికొచ్చాక ఈ గదిలోంచి ఆ గదిలోకి మాటలు మోస్తుండేవాడు.

"ఒరేయ్," అంది టీచరమ్మ గోడకేసి చూస్తూ, "మీ ఆవిడ సవారీ ఇవాళ ఎటో కనుక్కో."

"జలపాతం, కొండ మీద వ్యూ పాయింటు, ఆఖర్న సరస్సు," అంది కోడలు వంటింట్లోంచి. "చిన్నత్తయ్యగారి ఇల్లు సరస్సుకి దగ్గరేనని చెప్పండి. ముందు సీటు ఖాళీగానే ఉందని కూడా చెప్పండి."

"అమ్మా, ముందు సీటు ఖాళీయేనట..."

"నాకేం చెముడు లేదురా."

టీచరమ్మ వీధిలోకి చూసింది. వాకిట్లో ఆ తెల్లకారు కడిగిన పింగాణీ కప్పులా మెరుస్తోంది. వెనక్కి తిరిగి మళ్ళీ గదిలోకి వెళ్ళి పెట్టె సర్దుకోవడమంటే తల దించుకున్నట్టే. అంతకన్నా కారెక్కడమే నయం అనిపించిందావిడకి.

"ఎక్కినంత మాత్రాన రాజీ పడ్డట్టు కాదని చెప్పు."

"రాజీ కాదట," అన్నాడు కొడుకు వంటింటి వైపు తిరిగి.

"విన్నాను," అంది కోడలు.

పెట్టె డిక్కీలోకి వెళ్ళింది. అత్తగారు ముందు సీట్లోకి వెళ్ళింది. కొడుకు ఇద్దరికీ కలిపి ఒకే చెయ్యి ఊపాడు. వీధి మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నాడు.

*

ఆ రోజు కారు మాట్లాడుకున్నావిడ ఒక నర్సు. ముప్పై ఎనిమిదేళ్ళు ఆస్పత్రిలో చేసి, మొన్న శుక్రవారమే రిటైరయింది. వెడల్పు అంచు టోపీ పెట్టుకుని, రెండు చేతులా రెండు సంచులతో అపార్టుమెంటు గేటు దగ్గర నిలబడి ఉంది. కారు ఆగగానే వంగి లోపలికి చూసింది.

"నేను ఒక్కదాన్నే అని కదమ్మా చెప్పాను? ఎవరూ లేకుండా, ఎవర్నీ ఒంట్లో ఎలా ఉందని అడక్కుండా ఒక్కరోజు గడపాలని నా కోరిక."

కోడలు దిగి తలుపు తెరిచి పట్టుకుంది. "తప్పు నాదేనండీ. ఈవిడ మా అత్తయ్యగారు. బస్సుల్లేక నాతో వస్తున్నారు. సరస్సు దగ్గర దిగిపోతారు. మీకు ఇబ్బందైతే మొహమాటం లేకుండా చెప్పండి, ఇంకోరోజు మీరు ఒక్కరే వచ్చేలా తీసుకెళతాను."

నర్సమ్మ టీచరమ్మని ఎగాదిగా చూసింది.

"బీపీ ఉందా?"

"లేదు," అంది టీచరమ్మ.

"షుగరు?"

"లేదు."

"మరి ముఖం అలా కందిపోయిందేం? కోపమా?"

కోడలు దగ్గు వచ్చినట్టు చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది.

"చూశారా, అడక్కూడదనుకుంటూనే మూడు ప్రశ్నలు అడిగేశాను," అని నర్సమ్మ తన మీద తనే నవ్వుకుని వెనక సీట్లో చతికిలబడింది. "పోనివ్వమ్మా. ఈవిడ నా పేషెంటు కాదు, అంతే చాలు నాకు."

కారు కదిలింది. టీచరమ్మ తలుపు పైనున్న పిడిని రెండు చేతులతో పట్టుకుని, ఈత రానివాళ్ళు పడవలో కూర్చున్నట్టు బిగుసుకుపోయి కూర్చుంది. చూపు మాత్రం రోడ్డు మీద లేదు, కోడలి కాళ్ళ మీద ఉంది.

ఆడపిల్లల స్కూల్లో ఇరవై ఆరేళ్ళు కుట్టు నేర్పిన మనిషి ఆవిడ. మిషను ముందు కూర్చున్న పిల్ల కాలు తొక్కే తీరు చూసి, ఆ పిల్లకి పని అబ్బుతుందో లేదో మొదటిరోజే చెప్పేసేది. తొందరపడే కాలు వేరు, భయపడే కాలు వేరు. కోడలి కాలు ఆ రెండూ కాదు. ఎర్రదీపాల దగ్గర బండి ఆగుతుంటే ఆగినట్టే తెలియడం లేదు. ఊరు దాటి కొండదారి పట్టాక, మలుపు తరవాత మలుపు వస్తుంటే, చొక్కాకి చేతులు అతికేటప్పుడు గుడ్డని లాగకుండా దాని ఒంపు వెంటే సూదిని పోనిచ్చినట్టు, ఆ అమ్మాయి బండిని రోడ్డు వెంటే పోనిస్తోంది.

ఏడో మలుపు దగ్గర టీచరమ్మ తనకు తెలియకుండానే పిడి వదిలేసింది. తెలిశాక మళ్ళీ పట్టుకుంది.

"గుడ్డు తింటారా?" అంది నర్సమ్మ వెనకనుంచి. "ఉడకబెట్టి తెచ్చాను. పన్నెండు."

"ఒక్కరే వద్దామనుకుని పన్నెండు గుడ్లా?"

"అలవాటు. వార్డుకి సరిపడా ఉడకబెట్టేశాను."

టీచరమ్మకి నవ్వొచ్చింది. ఆపుకుంది. కోడలి భుజాలు కదులుతున్నాయి, ఆ అమ్మాయీ ఆపుకుంటోంది కాబోలు.

*

కొండ సగం ఎక్కాక టీ దుకాణం దగ్గర ఆగారు. నర్సమ్మ రోడ్డు పక్కన పూసిన ఊదారంగు పూలని చూడటానికి వెళ్ళింది. టీచరమ్మ చేతులు కడుక్కోవడానికి దుకాణం వెనక్కి వెళ్ళింది. పంపు కట్టేసి తల ఎత్తేసరికి, రేకు గోడకి అవతల కోడలి గొంతు వినపడింది. ఫోనులో మాట్లాడుతోంది.

"ఆదివారం పొద్దున్నే రండి. బండి ఇంటి దగ్గరే ఉంటుంది... లేదండీ, ఇంజను బాగుంది, ఏ ఇబ్బందీ లేదు. ఇంట్లో పరిస్థితి వల్ల అమ్ముతున్నాను, అంతే... అవునండీ, నా మనసేం మారదు."

టీచరమ్మ తడిచేతులతో అక్కడే నిలబడిపోయింది.

మూడు నెలల పట్టుదల. ఇప్పుడు గెలిచింది. గెలిస్తే ఎలా ఉంటుందో ఎన్నోసార్లు ఊహించుకుంది కూడా. కోడలు మళ్ళీ ఆఫీసు సంచీ తగిలించుకుని పొద్దున్నే వెళ్ళి, సాయంత్రం వాడిపోయిన ముఖంతో తిరిగొస్తుంది. వాకిలి ఖాళీగా ఉంటుంది. తను ఆ వాకిట్లో కుర్చీ వేసుకుని...

వేసుకుని ఏం చేస్తుంది? అక్కడికి వచ్చేసరికి ఆలోచన ముందుకు సాగలేదు.

కోడలు ఇటువైపు వచ్చి, అత్తగారిని చూసి ఆగింది. విన్నదా లేదా అన్నట్టు ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూసింది. టీచరమ్మ కోటు అంచుతో చేతులు తుడుచుకుంటూ ముఖం తిప్పుకుంది.

"టీ చల్లారిపోతోంది," అంది కోడలు ఎవరికీ కాకుండా.

ముగ్గురూ బల్ల మీద కూర్చుని టీ తాగారు. నర్సమ్మ ఒక్కతే మాట్లాడింది. ఆస్పత్రి గోడలకి వేసే ఆకుపచ్చ రంగంటే తనకెంత విరక్తో, ఇక్కడ అదే ఆకుపచ్చ ఇంత అందంగా ఎలా ఉందో చెప్పుకొచ్చింది. మిగతా ఇద్దరూ ఊ కొట్టారు. టీచరమ్మ గ్లాసులో టీ చివరికి నిజంగానే చల్లారిపోయింది.

*

జలపాతం కనపడక ముందే వినపడింది. చెట్ల మధ్య రాతిమెట్లు దిగుతుంటే ఆ హోరు మొదట కాళ్ళకి తెలిసింది, తరవాత చెవులకి. ఆఖరి మెట్టు మలుపు తిరగ్గానే టీచరమ్మ అడుగు పడలేదు.

కొండ నెత్తిమీంచి నీళ్ళు విరుచుకు పడుతున్నాయి. తెల్లగా, నురగలు నురగలుగా, తానుల కొద్దీ బట్టని ఎవరో పైనుంచి విప్పి వదులుతున్నట్టు. ఎంతసేపు విప్పినా ఆ తాను అయిపోవడం లేదు. కింద బండల మీద పడి పొగలా లేచి, ఇంత దూరాన ఉన్నవాళ్ళ ముఖాల మీద కూడా చల్లగా వాలుతోంది.

నర్సమ్మ టోపీ తీసి చేత్తో పట్టుకుని బండ అంచు దాకా వెళ్ళింది. ఛాతీ నిండా గాలి పీల్చుకుని, ఒక్కసారిగా, "ఓ...య్!" అని అరిచింది.

టీచరమ్మ అదిరిపడింది.

నర్సమ్మ వెనక్కి తిరిగింది. ముఖమంతా నవ్వే. "ముప్పై ఎనిమిదేళ్ళు 'ష్... మెల్లగా మాట్లాడండి' అంటూ బతికానండీ! ఇవాళ నన్ను ఆపేవాళ్ళెవరూ లేరు! మీరూ అరవండి!"

"నేనా? నాకేం పట్టింది?"

"ఏమిటీ? వినపడటం లేదు!"

కోడలు మెట్లు దిగి వచ్చింది. తడిబండ మీద జారతారేమోనని చెయ్యి అందించింది. ఏదో అంది కూడా, నీళ్ళ హోరులో ఆ మాట కొట్టుకుపోయింది.

టీచరమ్మ ఆ చెయ్యి అందుకోలేదు. గట్టిగా అరిచింది.

"కారు అమ్మేస్తున్నావా?"

"ఏమిటీ?"

"కారు! అమ్మేస్తున్నావా అంటున్నా!"

మూడు నెలల మౌనం అలా తెగింది. తెగిందన్న సంగతి ఇద్దరిలో ఒక్కరూ గమనించుకోలేదు.

"మీరే కదా అత్తయ్యా, కారో మీరో తేల్చుకోమన్నారు! తేల్చుకున్నాను!"

"నన్ను అడక్కుండా ఎలా తేల్చుకుంటావు?"

"మీరు నాతో మాట్లాడితే కదా అడగడానికి!"

"నేను ఎలాగూ వెళ్ళిపోతున్నాను కదా, ఇంకెందుకు అమ్మడం?"

"మీరు వెళ్ళిపోయిన ఇంటి ముందు ఆ కారు పెట్టుకుని నన్ను రోజూ ఎలా చూడమంటారు? మీరు మళ్ళీ రావాలనే అమ్ముతున్నాను!"

మాట తోచనప్పుడు మనిషికి కోపమే చేతికందుతుంది. టీచరమ్మకీ అదే అందింది.

"నన్ను దోషిని చెయ్యకు!"

"చెయ్యడం లేదు! ఒక్కటి చెప్పండి! అసలు ఈ కారంటే మీకెందుకంత మంట? డ్రైవరు పని చిన్నతనమనా?"

"కాదు!"

"నలుగురూ నవ్వుతారనా?"

"నలుగురితో నాకేం పని!"

"మరెందుకు?"

టీచరమ్మ నోరు తెరిచింది. ఏం చెబుతుందో ఆవిడకే తెలియదు. మూడు నెలలుగా తనకి తనే చెప్పుకోని మాట, ఆ నీళ్ళ ఎదుట దానంతట అది బయటపడింది.

"ఊరూ పేరూ తెలియని వాళ్ళందర్నీ తెచ్చి ఈ నీళ్ళు చూపిస్తున్నావు! ఇంట్లో ఒక మనిషి ఉందని, ఆవిడ పుట్టి బుద్ధెరిగి ఇలాంటిది చూడలేదని నీకు తెలుసా? ఒక్కనాడు, ఒక్కటంటే ఒక్కనాడు, 'అత్తయ్యా, వస్తారా' అని అడిగావా?"

కోడలు చెయ్యి అలా చాచినట్టే ఉండిపోయింది.

ఏడాదికోసారి స్కూలు పిల్లలు ఇక్కడికి విహారయాత్రకి వచ్చేవాళ్ళు. వాళ్ళ సంచులు కుట్టించింది టీచరమ్మ. జడలకి రిబ్బన్లు కత్తిరించింది టీచరమ్మ. బస్సు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టి ఎక్కించిందీ టీచరమ్మే. బస్సు కదిలాక మాత్రం వెనక్కి తిరిగి ఇంటికి నడిచేది. మొదట తన అత్తగారు మంచంలో ఉందని, తరవాత పిల్లవాడు చిన్నవాడని, ఆ తరవాత స్కూల్లో ఎవరో ఒకరు ఉండాలి కదా అని. సాయంత్రం బస్సు దిగిన పిల్లలు తడిసిన జుట్టుతో, "టీచర్, నీళ్ళు ఇంతెత్తునుంచి!" అని చేతులు చాచి చూపిస్తుంటే, "సరే సరే, ముందు తల తుడుచుకోండి" అనేది. ఇరవై ఆరుసార్లు అంది ఆ మాట.

ఇవన్నీ ఆవిడ అక్కడ చెప్పలేదు. చెప్పకపోయినా కోడలికి సగం అర్థమైనట్టే ఉంది.

"మీరు వస్తారని నాకేం తెలుసు?" అంది కోడలు. ఇంకా అరుస్తూనే ఉంది. "కారు తెచ్చిన రోజే 'ఆ బండిలో నేను కాలు పెట్టను' అన్నారు కదా!"

"అన్నాను! కోపంలో అన్నాను! నువ్వు కొనేముందు నాతో ఒక్క మాట చెప్పలేదని అన్నాను! కోపంలో అన్న మాట పట్టుకుని మూడు నెలలు కూర్చుంటావా?"

"మీరు కూర్చోలేదా?"

అప్పుడు గమనించారు ఇద్దరూ. జలపాతం చూడటానికి వచ్చిన జనం నీళ్ళని వదిలేసి వీళ్ళని చూస్తున్నారు. ఒక ముసలాయన సగం తిన్న రొట్టె చేత్తో పట్టుకుని నోరు వెళ్ళబెట్టాడు. నర్సమ్మ టోపీని గుండెలకి హత్తుకుని నిలబడి ఉంది.

"ఆపకండి!" అంది నర్సమ్మ. "బాగా వస్తోంది!"

ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. కోడలు కడుపు పట్టుకుని వంగిపోయింది. టీచరమ్మ బింకంగా నిలబడదామని చూసింది, పెదవులు బిగించింది, కానీ ముక్కులోంచి తన్నుకొచ్చిన నవ్వుని ఎవరాపగలరు? కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ తడిలో అవి ఏ నీళ్ళో ఎవరికీ తెలియలేదు.

నవ్వు సద్దుమణిగాక కోడలు దగ్గరికొచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, అరవకుండా అడిగింది.

"అత్తయ్యా, వస్తారా?"

"ఎక్కడికి?"

"ఆ నీళ్ళ కిందికి."

టీచరమ్మ తన కోటు చూసుకుంది. బూట్లు చూసుకుంది. ఆ తరవాత కోటు విప్పి నర్సమ్మ చేతికిచ్చి, బూట్లు విప్పి గొడుగు పక్కన పెట్టి, కోడలి చెయ్యి పట్టుకుంది.

పది అడుగుల్లో ఇద్దరూ ముద్దయిపోయారు. నీటి తుంపర సూదుల్లా గుచ్చుకుంటుంటే టీచరమ్మ ఊపిరాడక ఒకసారి, ఉత్సాహం పట్టలేక ఇంకోసారి కేక పెట్టింది. నర్సమ్మ గట్టు మీంచి చప్పట్లు కొట్టింది. రొట్టె ముసలాయన కూడా కొట్టాడు.

*

వ్యూ పాయింటు దగ్గర మబ్బు కమ్మేసి ఏమీ కనపడలేదు. "కింద లోయ, లోయలో ఏరు, ఏటి పక్కన ఊరు ఉండాలి" అని కోడలు చెప్పింది. ముగ్గురూ కమ్మీ పట్టుకుని ఆ తెల్లదనంలోకి బుద్ధిగా చూశారు. తలా మూడేసి గుడ్లు తిన్నారు. తడిబట్టలు కారు హీటరు ముందు ఆరాయి. చూడటానికి ఏమీ లేని చోట అంతసేపు అంత హాయిగా ఎలా కూర్చున్నారో తరవాత తలచుకుంటే టీచరమ్మకే ఆశ్చర్యంగా ఉండేది.

సరస్సు దగ్గరికి దిగేసరికి ఎండ కాసింది. ఒడ్డున కాళ్ళతో తొక్కే పడవలు వరసగా కట్టి ఉన్నాయి. ముందు ఇద్దరు తొక్కాలి, వెనక ఒకరు కూర్చోవచ్చు. రెండు సీట్ల మధ్య ఒక పిడి ఉంటుంది, దాన్ని తిప్పితే పడవ తిరుగుతుంది.

"పిడి మీరు పట్టుకోండత్తయ్యా," అంది కోడలు. "పొద్దున్నుంచీ నడిపి నా చేతులు లాగుతున్నాయి."

అబద్ధమని ఇద్దరికీ తెలుసు. టీచరమ్మ పిడి పట్టుకుంది.

ఇరవై ఆరేళ్ళు మిషను తొక్కిన కాళ్ళు అవి. ఒక్కసారి లయ అందుకున్నాక పడవ నీటిని చీల్చుకుంటూ దూసుకుపోయింది. కోడలి కాళ్ళు అందుకోలేక పెడళ్ళ మీంచి జారిపోయాయి.

"మెల్లగా, మెల్లగా!"

"ఎక్కువ తొక్కానా?"

"తొక్కడం కాదు, తిప్పండి! అటు కాదు, కుడికి! కుడికత్తయ్యా!"

"కుడికే తిప్పాను!"

"ఆ పిడి తిరగేసి పనిచేస్తుంది! ఎడమకి తిప్పితే కుడికి పోతుంది!"

"ముందే చెప్పొద్దూ?"

బాతుల గుంపొకటి గగ్గోలు పెడుతూ రెండుగా చీలిపోయింది. పడవ తిన్నగా వెళ్ళి తుంగలో దూరి ఇరుక్కుపోయింది. నర్సమ్మ టోపీ నీళ్ళలో పడింది. ఒక బాతు దాని చుట్టూ అనుమానంగా తిరిగింది.

"ఎవరికైనా దెబ్బలు తగిలాయా?" అని నర్సమ్మ అలవాటు కొద్దీ అడిగి, నాలిక కరుచుకుంది.

ఒడ్డు నుంచి పడవలాయన వచ్చి వీళ్ళని లాక్కెళ్ళేదాకా ముగ్గురూ ఆ తుంగలోనే కూర్చుని, మిగిలిన మూడు గుడ్లూ తలా ఒకటి తిని, నవ్వడానికి కారణాలు వెతుక్కుంటూ గడిపారు. ఒడ్డున దిగుతూ టీచరమ్మ, "ఇంకొక్క చుట్టు వెళ్ళొద్దామా?" అంది. పడవలాయన ముఖం చూసి మళ్ళీ అడగలేదు.

కారెక్కాక మాత్రం మాటలు తగ్గిపోయాయి.

చెల్లెలి ఊరు ఇంకా పది నిమిషాల దూరం. డిక్కీలో పెట్టె ఉంది. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను దిగను అని టీచరమ్మ అనలేదు, దిగొద్దు అని కోడలు అనలేదు. ఎవరు ముందు అంటే వాళ్ళు ఒక మెట్టు దిగినట్టు. ఆ ఒక్క మెట్టూ జలపాతం దగ్గరి మెట్లన్నిటికంటే ఎత్తుగా ఉంది. నర్సమ్మ కూడా వెనక సీట్లో కిటికీలోంచి బయటికి చూస్తూ, తనకి సంబంధం లేదన్నట్టు కూర్చుంది. చెవులు మాత్రం ముందు సీటు మీదే ఉన్నాయి.

ఇంతలో స్టీరింగు పక్కన పెట్టిన ఫోను మోగింది. కోడలు పేరు చూసింది, ఎత్తలేదు. ఆగి మళ్ళీ మోగింది.

"ఎవరు?" అంది టీచరమ్మ.

"ఆదివారం వస్తానన్నాయన. బండి కోసం."

"బండి నడిపేటప్పుడు ఫోను ఎత్తకూడదు," అని టీచరమ్మ తనే తీసి చెవి దగ్గర పెట్టుకుంది. "హలో... ఆ, ఆ కారు గురించే... కాదండీ, నేను వాళ్ళ అత్తగార్ని. ఆదివారం కుదరదండీ. ఆ రోజు కారుకి బుకింగుంది... ఎవరంటారా? నేనే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా... వచ్చే ఆదివారమా? అదీ చెప్పలేమండీ, ఉంటాను."

ఫోను ఎక్కడ తీసిందో అక్కడ పెట్టేసి, ఒళ్ళో చేతులు ముడుచుకుని రోడ్డు చూడటం మొదలుపెట్టింది.

వెనక సీట్లో నర్సమ్మ గట్టిగా ముక్కు చీదుకుంది.

*

చెల్లెలి ఇల్లు పూలకుండీలు అమ్మే ఇల్లు. గేటు నుంచి గుమ్మం దాకా మొక్కలే. కారు ఆగింది. ఇంజను ఆగలేదు. టీచరమ్మ తలుపు పిడి మీద చెయ్యి వేసింది, తెరవలేదు. కోడలు డిక్కీ తియ్యడానికి దిగనూ లేదు, దిగనని చెప్పనూ లేదు.

అంతలో గేటు ధడాలున తెరుచుకుంది. చెల్లెలు బయటికి వచ్చింది. టీచరమ్మ కన్నా ఆరేళ్ళు చిన్నది, రెండింతలు లావు, గొంతు ఇంకా పెద్దది. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో మూట.

"అక్కా! వచ్చావా! మీ ఇంటికే బయల్దేరానే! బస్సుల్లేవట కదా! ఇంక ఈ ఇంట్లో ఒక్క నిమిషం ఉండను, నన్ను మీ ఇంటికి తీసుకుపో!"

"ఏమైందే?" అంది టీచరమ్మ కిటికీ అద్దం దించి.

"ఏమవడం ఏమిటి? నా కోడలు వ్యాను కొంటుందట! తనే నడుపుతుందట! కుండీలు ఊరూరా తిప్పుతుందట! ఎందుకే అంటే మీ కోడల్ని చూపిస్తోంది! ఆవిడ చెయ్యగా లేనిది నేను చేస్తే తప్పేమిటంటోంది!"

చెల్లెలి వెనకే ఆ కోడలూ వచ్చింది. చేతులకి మట్టి, బుగ్గన మట్టి. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి గానీ గడ్డం మాత్రం పైకే ఉంది. వస్తూనే కారునీ, కారు నడిపే ఆవిడనీ చూసింది. ఆ చూపులో ఏముందో టీచరమ్మకి తెలిసిపోయింది. బస్సు దిగి చేతులు చాచి నీళ్ళ ఎత్తు చూపించిన పిల్లల కళ్ళల్లో ఉండేది అదే.

"పెద్దత్తయ్యా, మీరే చెప్పండి," అంది ఆ అమ్మాయి. "మీరు ఏది చెబితే అది వింటాను."

"ఆ, అదే చెప్పు అక్కా!" అని చెల్లెలు పెట్టె కిందపెట్టి నడుం మీద చేతులు వేసుకుంది. "మీ ఇంట్లోనూ ఇదే గొడవ కదా మూడు నెలలుగా! ఫోను చేసినప్పుడల్లా చెప్పేదానివి కదా! ఎలా తేల్చావో దీనికి చెప్పు!"

కోడలు చెయ్యి చాచి ఇంజను ఆపేసింది. ఆ నిశ్శబ్దంలో నర్సమ్మ వెనక అద్దం దించుకున్న చప్పుడు స్పష్టంగా వినపడింది.

"చెప్పవేం అక్కా? ఎలా తేలింది?"

టీచరమ్మ తలుపు పిడి మీంచి చెయ్యి తీసేసి కోడలి వైపు తిరిగింది. కోడలు అప్పటికే ఆవిడ వైపు చూస్తోంది, ఆ జవాబు తను కూడా ఇప్పుడే వినబోతున్నట్టు.